జిరాక్స్ వెలుతురులో ఒక ఖులా

కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నిలబడి ఉన్నాం, నేనూ మా ఆపా. ఆపా అంటే మా పెద్ద ఖాలా కూతురు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. చేతిలో నీలం ప్లాస్టిక్ ఫోల్డర్. అందులో ఆధార్, నిఖానామా, ఇద్దరు పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బ్యాంక్ పాస్‌బుక్, నగల షాపు బిల్లులు కొన్ని. వకీలు మేడమ్ ప్రతిదీ మూడు సెట్లు తెమ్మన్నారు. షాపబ్బాయి ఒక్కో కాగితాన్ని అద్దం మీద బోర్లా పెట్టి, మూత కూడా వేయకుండా బటన్ నొక్కేస్తున్నాడు. వెలుగు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జరిగిపోతోంది. నిఖానామా మీదుగా ఆ వెలుగు వెళ్లినప్పుడు నాకు ఠక్కున ఒక సినిమా గుర్తొచ్చింది. ఇలాంటి చోట కూడా సినిమాలేనా అని నా మీద నాకే చిరాకేసింది. అయినా గుర్తొచ్చింది, ఏం చేయను.

అస్గర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011) టైటిల్స్ ఇలాగే మొదలవుతాయి. కెమెరా జిరాక్స్ మిషన్ లోపల ఉంటుంది. పాస్‌పోర్టులు, గుర్తింపు కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి అద్దం మీద పడుతుంటాయి, వెలుగు వాటి మీదుగా పోతుంటుంది, మధ్యలో పేర్లు వస్తుంటాయి. ఆ తర్వాతే సిమిన్, నాదెర్ పక్కపక్కన కూర్చుని మనవైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెడతారు. వాళ్ల ఎదురుగా ఉన్న జడ్జి కనపడడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. సిమిన్‌కి దేశం వదిలి వెళ్లాలనుంది. వీసాకి నలభై రోజులే గడువు. నాదెర్ మతిమరుపు జబ్బున్న తండ్రిని వదిలి రాలేనంటాడు. నీ భార్య వెళ్లిపోతానంటే ఏం చేస్తావు అంటే, విడాకులు తీసుకోమను, కూతుర్ని మాత్రం పంపను అంటాడు. జడ్జికి ఇదంతా పెద్ద సమస్యలా కనపడదు.

నేనీ సినిమా మొదటిసారి హాస్టల్ రూంలో లాప్‌టాప్ మీద చూశాను. చూసిన ఊపులో ఒక చిన్న వ్యాసం కూడా రాశాను. అందరూ రాసిందే రాశాను: ఇందులో విలన్ లేడు, ప్రతి ఒక్కరి దగ్గరా న్యాయం ఉంది, దర్శకుడు మనల్ని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టాడు, అదీ ఇదీ. ఆ వ్యాసం ఇప్పుడు సగం వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. సగమే. సినిమా ఇప్పటికీ నాకు గొప్పదే. నేను చదివిన పద్ధతే తప్పు.

ఎందుకంటే, ఆ ఫ్రేములో ఇద్దరూ సమానంగా కనిపిస్తారు. పక్కపక్క కుర్చీలు, మొహాల మీద ఒకే వెలుతురు. చట్టం మాత్రం వాళ్లని అలా కూర్చోబెట్టలేదు. ఇరాన్ సివిల్ కోడ్ 1133వ ఆర్టికల్ ప్రకారం విడాకులివ్వడం మగవాడి హక్కు. కోర్టుకి వెళ్లాలి, డబ్బు లెక్కలు తేల్చాలి, కానీ ఎందుకు అని గట్టిగా అడిగేవాళ్లు లేరు. ఆడమనిషి అయితే కారణం తేవాలి. కాపురం భరించరాని కష్టంగా మారిందని 1130వ ఆర్టికల్ కింద రుజువు చేయాలి. లేదా పెళ్లి ఒప్పందంలో అచ్చేసి ఉన్న షరతుల్లో ఒకదాన్ని అతను తప్పాడని చూపించాలి. ఆ షరతులు చెల్లాలంటే వాటి కింద అతను పెళ్లినాడే సంతకం చేసి ఉండాలి. అదీ కాకపోతే ఖులా: మెహర్ వదులుకుంటానని చెప్పి, అతను ఒప్పుకునేదాకా బతిమాలాలి. ఇది తెలిశాక ఆ మొదటి సీన్ మళ్లీ చూడండి. ఎక్కువ మాట్లాడేది సిమినే. వాదించాల్సింది, వివరించాల్సింది, జడ్జిని కరిగించాల్సింది ఆమే. కూతురి విషయంలో అతను 'పంపను' అంటే చాలు. మేం 'బ్యాలెన్స్' అని మెచ్చుకున్నది కెమెరా కోణంలో ఉంది, ఆ గదిలో లేదు. ఫర్హాదీకి ఆ తేడా తెలుసనే నా నమ్మకం. మాకు తెలీలేదు.

టైటిల్స్‌ని కూడా నేను అప్పుడు పట్టించుకోలేదు, ఏదో స్టైల్ అనుకున్నాను. ఇప్పుడు సినిమా మొత్తంలో నాకు బాగా దగ్గరగా ఉన్నది ఆ భాగమే. ఎవరూ ఇంకా నోరు విప్పకముందే చట్టానికి వాళ్లు కాగితాలుగా పరిచయమయ్యారు. విడాకుల గురించి మన సినిమాలు, కథలు చెప్పని సంగతి ఇదే: ఏడుపుకి ముందు, అరుపుకి ముందు, చాలా రోజులపాటు కాగితాలు వెతుక్కోవడం ఉంటుంది. బీరువా పై అరలో, అమ్మీ ట్రంకుపెట్టెలో, పాత చీర మడతలో.

దీనికి జతగా ఇంకో సినిమా చూడాలి. కిమ్ లాంజినాటో, జీబా మీర్ హుసేనీ కలిసి తీసిన 'డివోర్స్ ఇరానియన్ స్టైల్' (1998). డాక్యుమెంటరీ. టెహ్రాన్‌లో ఒక ఫ్యామిలీ కోర్టు, ఒక చిన్న గది, తలపాగా చుట్టుకున్న ఒక మౌల్వీ జడ్జి, ఒక గుమస్తా మేడమ్, వచ్చిపోయే జంటలు. పేరు పాత ఇటాలియన్ కామెడీ 'డివోర్స్ ఇటాలియన్ స్టైల్' (1961) మీద వేసిన చెణుకు. ఆ సినిమాలో మొగుడు పెళ్లాన్ని వదిలించుకోడానికి చంపే పథకం వేస్తాడు, ఎందుకంటే ఇటలీలో 1970 దాకా విడాకుల చట్టమే లేదు. ఆ చెణుకు ఎవరికి తగలాలో వాళ్లకి తగిలిందో లేదో.

కోర్టు గుమ్మం దగ్గర మొదలవుతుంది. ఆడవాళ్లకి వేరే ద్వారం, తనిఖీ, మేకప్ ఉంటే తుడుచుకోమని చెప్పడం. లోపలికి వెళ్లాక చూస్తే, అలా తుడిపించుకుని వచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ మెత్తగా లేరు. ఒకామె మొగుడి పడకగది వైఫల్యం గురించి జడ్జి ముందే చెప్తుంది. పదహారేళ్ల పిల్ల ఒకతె, తనకంటే రెట్టింపు కన్నా పెద్దవాడైన మొగుడి మీద కేసు వేసి, అతని మొహం మీదే సమాధానాలిస్తుంది. ఆ అమ్మాయి గొంతులో నాకు నచ్చింది ధైర్యం ఒక్కటే కాదు. ఏ మాట ఎక్కడ పడితే పని చేస్తుందో ఆమెకి తెలుసు. ఏది నేరం, ఏది కారణం, ఏది డబ్బు అని మూడు వేరువేరు డబ్బాల్లో పెట్టుకుని వచ్చింది.

ఆ మూడో డబ్బా మెహర్. ఇరాన్‌లో మెహర్‌ని బంగారు నాణేల్లో రాసుకుంటారు. పెళ్లికూతురు పుట్టిన సంవత్సరం ఎంతో అన్ని నాణేలు రాయించుకునే మోజు కూడా ఉంది, వాళ్ల క్యాలెండర్ ప్రకారం అంటే పదమూడు వందల పైమాటే. పెళ్లప్పుడు ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. అడిగే రోజు వేరే ఉంటుంది. అతను విడాకులివ్వాలనుకుంటే ఆమె మెహర్ చెల్లించమంటుంది. ఆమె విడాకులు కావాలనుకుంటే అతను మెహర్ వదులుకోమంటాడు. చట్టం తనకి ఇవ్వని హక్కుని ఆమె ఈ అంకెతో కొనుక్కుంటుంది. 1997లో, అంటే ఈ సినిమా తీసిన ఏడాదే, రూపంలో చిన్నదైన ఒక సవరణ వచ్చింది: నగదు మెహర్‌ని ధరల పెరుగుదలకి తగ్గట్టు లెక్కగట్టాలి. దానితో ఎప్పుడో ఇరవై ముప్ఫై ఏళ్ల కింద రాసిన చిల్లర అంకెలకి ప్రాణం వచ్చింది. తర్వాత 2013 నుంచి అమల్లోకి వచ్చిన కుటుంబ చట్టం దీన్ని వెనక్కి లాగింది. కట్టకపోతే జైలు అనే బెదిరింపు 110 నాణేల దాకానే పనిచేస్తుందనీ, ఆ పైది అతనికి స్తోమత ఉంటేనే అనీ తేల్చింది.

సినిమా ఇదంతా క్లాసులాగా చెప్పదు. బేరాల్లో చూపిస్తుంది. ఆ పదహారేళ్ల పిల్ల కేసులో రెండు వైపుల పెద్దలూ ఒక ఇంట్లో కూర్చుని మాట్లాడే ఘట్టం ఉంది. చెరొక వైపు నుంచి ఒక మధ్యవర్తి ఉండాలన్నది ఖురాన్‌లో ఉన్న పద్ధతి. ఇరాన్ దాన్ని విడాకుల చట్టంలోకి తీసుకుంది. చూస్తుంటే మా ఒంగోలు ఇంటి వరండా గుర్తొచ్చింది. అదే దగ్గు, అదే చాయ్, అమ్మాయి గురించి అమ్మాయి ముందే లేనట్టు మాట్లాడటం. అంతలో ఆ అమ్మాయి మాట్లాడుతుంది, అందరూ సర్దుకుని కూర్చుంటారు.

ఈ సినిమా నేను ఆపాతో కలిసి చూశాను. ఆమెకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా అందవు. ఆపుతూ చూద్దామా అంటే వద్దంది. మేం ఇంట్లో మాట్లాడేది మా తురకం, చదివేది తెలుగు. అయినా ఫార్సీలో తలాఖ్ తలాఖే, షౌహర్ షౌహరే, హక్ హక్కే, మెహర్ మెహరే, శికాయత్ శికాయతే. మిగతా వాక్యం పోయినా ఈ మాటలు పట్టుకుని ఆమె కథంతా లాగేసింది. ఇంట్లో రోజూ నలిగిన మాటలు కదా. నేను సబ్‌టైటిల్ చదివి ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతుంటే ఆమె ముందే నవ్వింది.

ఇక సినిమాలో మరిచిపోలేని ఆవిడ. విడాకులైపోయి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఇంకో పెళ్లి చేసుకుంటే పిల్లల మీద తల్లి హక్కు పోతుందని ఇరాన్ సివిల్ కోడ్ 1170వ ఆర్టికల్. ఆ రోజుల్లో ఆ హక్కు కూడా కొడుకైతే రెండేళ్ల దాకా, కూతురైతే ఏడేళ్ల దాకానే. 2003లో ఇద్దరికీ ఏడు చేశారు. ఆవిడ కూతుళ్ల కోసం వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరోజు కోర్టు ఆర్డర్ కాగితాన్ని చించేస్తుంది. చించలేదని జడ్జి ముందు అబద్ధం చెప్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆవిడ మీద జాలి, కొంచెం సిగ్గు కూడా కలిగాయి. ఇలా చేస్తే కేసు పాడవుతుంది కదా అని. ఆపా వేరే ప్రశ్న అడిగింది:

"చించిందానికి జిరాక్స్ ఉందా ఆమె దగ్గర?"

నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఈ సినిమా మీద నా ఫిర్యాదు సరిగ్గా అక్కడే ఉంది. ఈ ఆడవాళ్లు మనకి కోర్టు గదిలోనే పుడతారు. గదిలోకి వచ్చేముందు ఏ రాత్రి కూర్చుని ఏ కాగితాలు సర్దుకున్నారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఏ షరతు కింద సంతకం ఉందో లేదో ఎవరు చదివి చెప్పారు, అవేవీ కెమెరాకి అందలేదు. అందువల్ల వాళ్ల తెలివి అప్పటికప్పుడు పుట్టిన మాటకారితనంలా కనిపిస్తుంది. చూసేవాళ్లు అబ్బ ఎంత గడుసు అని ముచ్చటపడతారు. గడుసుతనం కాదది, తయారీ. మీర్ హుసేనీకి ఇది తెలియక కాదు. ఆమె 1993లో తెచ్చిన 'మ్యారేజ్ ఆన్ ట్రయల్' పుస్తకం ఇరాన్, మొరాకో కోర్టుల్లో నెలల తరబడి కూర్చుని రాసినది. చట్టం ఆడవాళ్లకి ఇవ్వనిదాన్ని వాళ్లు ఆ చట్టం మాటలతోనే ఎలా రాబట్టుకుంటారో అందులో కేసు తర్వాత కేసుగా ఉంది. పైగా ఆమె తన సొంత విడాకుల కోసమే షరియా చట్టం నేర్చుకున్నదని తనే రాసుకుంది. అంత తెలిసిన మనిషి సినిమాలో తను వెనక్కి తగ్గింది. పుస్తకం చదివి సినిమా చూస్తే అది మర్యాదలా అనిపిస్తుంది. సినిమా ఒక్కటే చూస్తే లోటు.

జడ్జి గురించి కూడా ఒక మాట. ఆయన మంచివాడిలా ఉంటాడు, ఓపిక, హాస్యం ఉన్నాయి. సినిమా ఆయన్ని ఇష్టపడుతుంది. నేనూ ఇష్టపడ్డాను, ఇష్టపడ్డందుకు జంకాను. అయితే గదిలో ఆయన లేనప్పుడు గుమస్తా మేడమ్ చిన్నకూతురు వెళ్లి ఆ కుర్చీ ఎక్కి కూర్చుంటుంది. బల్ల మీద కొట్టి, లేని మొగుడిని గద్దిస్తుంది. పెద్దయ్యాక పెళ్లే చేసుకోనంటుంది. రోజూ ఆ గదిలో ఆడుకునే పిల్ల జడ్జి భాష మొత్తం నేర్చేసుకుంది. సినిమా మొత్తంలో జడ్జి మీద వచ్చిన అసలు తీర్పు ఆ పిల్లదే అనుకుంటాను.

ఇక మన దగ్గరికొస్తే, 'నికాహ్' (1982) గుర్తు చేయకుండా ఎవరూ వదలరు. బి.ఆర్. చోప్రా సినిమా, సల్మా ఆఘా హీరోయిన్. మొగుడు కోపంలో మూడుసార్లు ఆ మాట అంటాడు, పెళ్లి అయిపోతుంది. మా అమ్మీ తరానికి అది భయం పుట్టించిన సినిమా. ఆ తర్వాత ముస్లిం విడాకులు అంటే మన తెర మీద ఎప్పుడూ ఆ మూడు పిడుగులే. ఇరాన్ సినిమాల్లో ఆ సీన్ వెతికినా దొరకదు. వాళ్లు పాటించే షియా న్యాయంలో ఒక కూర్చోలులో మూడు అంటే మూడు కావు, ఇద్దరు సాక్షులు లేకుండా తలాఖే కాదు. అంటే ఒక న్యాయశాఖలోని, అందులోనూ ఒక దుర్వినియోగాన్ని తీసుకుని మన సినిమా మొత్తం కథకి మొహంగా అతికించింది. సుప్రీంకోర్టు 2017లో ఆ పద్ధతి కొట్టేసింది, 2019లో చట్టం దాన్ని నేరం చేసింది. పిడుగు పోయింది. మరి సొంతంగా బయటికి రావాలనుకున్న ఆడమనిషి సంగతి? ఆమె కథకి పిడుగుల్లేవు, ఫోల్డర్ ఉంది. అందుకే ఎవరూ తీయలేదేమో.

తీయదగిన చరిత్ర లేకపోలేదు. బ్రిటిష్ కాలంలో ఇక్కడి కోర్టులు హనఫీ న్యాయాన్ని పట్టుకుని, మొగుడు వదలకపోతే భార్యకి దారి లేదనేవి. దాంతో కొందరు ఆడవాళ్లు మతం వదిలేస్తున్నామని ప్రకటించేవాళ్లు, ఎందుకంటే మతం వదిలితే పెళ్లి రద్దు. ఆలోచించండి, విడాకుల కాగితం కోసం దేవుణ్ణే వదులుకోవాల్సి రావడం. ఉలేమాలు కంగారుపడ్డారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ మాలికీ న్యాయం నుంచి విడాకుల కారణాలు అరువు తెచ్చుకోవచ్చని పుస్తకం రాశాడు. చివరికి 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. నాలుగేళ్లు ఆచూకీ లేకపోవడం, రెండేళ్లు పోషణ ఇవ్వకపోవడం, క్రూరత్వం లాంటి కారణాలు చూపి భార్య కోర్టుకెళ్లవచ్చు. అదే చట్టంలో, ఇకపై మతం వదిలినంత మాత్రాన పెళ్లి రద్దు కాదనీ రాశారు. ఆడవాళ్లు వాడుకున్న కిటికీ మూసి, పక్కన తలుపు పెట్టారు. ఇంత నాటకం ఉన్న కథ ఏ స్క్రీన్‌ప్లే రచయితకీ కనపడలేదు.

ఆపా తలుపు అది కాదు, ఖులా. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా గురించి స్పష్టంగా చెప్పింది: అడగడం భార్య హక్కు, భర్త ఒప్పుకోవాల్సిన పని లేదు, ముఫ్తీ ఇచ్చే కాగితం సలహాలాంటిదే, తప్పనిసరి కాదు. మెహర్ ఎంత తిరిగివ్వాలన్నదాని గురించి అతను బేరమాడవచ్చు గానీ కాపురం చేసితీరాలని పట్టుబట్టలేడు. ఫ్యామిలీ కోర్టు చూడాల్సింది మూడు సంగతులు: ఖులా అడిగిందా, రాజీ ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగిస్తానందా. వకీలు మేడమ్ ఇది చెప్పినప్పుడు ఆపా మొహంలో వెలుగొచ్చింది. మూడో మాట దగ్గర ఆగిపోయింది.

మా వైపు మెహర్ ఇరాన్ మెహర్ కాదు. ఆపా నిఖానామాలో 51 వేల రూపాయలు, ఐదు తులాల బంగారం అని ఉంది, మా ఇళ్లలో అది ఎక్కువే. దానికి నాలుగింతలు జోడే కీ రఖమ్ పేరుతో మేమే వాళ్లకిచ్చాం. దానికి నిఖానామాలో గడి లేదు, రసీదు లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్ వేరు, కట్నం వేరు అని విడదీసి మరీ చెప్తుంది. పెళ్లిలో ఇచ్చిన వస్తువుల జాబితా రాసి సంతకాలు పెట్టుకోవాలని 1985 నుంచి నిబంధన కూడా ఉంది. ఎవరు రాస్తారు? పెళ్లిలో జాబితా తీస్తే సంబంధం చెడుతుందని మా ఖాలూ అన్నాడు. టెహ్రాన్ ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆయుధం మా చేతికి రానే లేదు, పైగా డబ్బు ఎదురు దిక్కున నడిచింది. 'డివోర్స్ ఇరానియన్ స్టైల్' చూస్తూ నేను అసూయపడ్డది అందుకే. ఇరాన్ చట్టాన్ని చూసి అసూయ పడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు అవతలివాళ్లు వకీలు ద్వారా పంపిన జవాబు: మెహర్ నిఖా రోజే చెల్లించేశాం, పెళ్లిలో పెట్టిన ఐదు తులాలు అదే, ఖులా కావాలంటే తిరిగివ్వాలి. ఆ నగలు మూడో ఏడాదే అతను తాకట్టు పెట్టాడు. విడిపించలేదు. ఇప్పుడు ఐదు తులాలంటే ఆపా ఎక్కడ నుంచి తెస్తుంది?

నిఖానామా ఉర్దూలో ఉంది, చేతిరాత. మా ఇంట్లో ఎవరికీ రాదు. మెహర్ అంకెల పక్కన ఒక మాట ఉంది. తెలిసినవాళ్లని అడిగితే 'మువజ్జల్' అన్నారు. మువజ్జల్ అంటే ఏంటి అంటే, ఇద్దరు రెండు అర్థాలు చెప్పారు. ఒకరు వెంటనే ఇవ్వాల్సింది అన్నారు, ఒకరు తర్వాత ఇవ్వాల్సింది అన్నారు. ఇద్దరూ కరెక్టే! అరబ్బీలో అవి రెండు మాటలు. మీమ్ తర్వాత ఐన్ రాస్తే తక్షణం, మీమ్ తర్వాత వావ్ రాసి హంజా పెడితే వాయిదా. మన నాలుక మీద రెండూ ఒకటే అయిపోయాయి. తెలుగులో రాస్తే అసలే తేడా మిగలదు, ఈ వ్యాసంలో కూడా నేను రాయలేను. వాయిదా అని తేలితే నిఖా రోజు మెహర్ ఇచ్చామన్న మాట నిలబడటం కష్టం. ఆపా తిరిగివ్వాల్సింది ఏమీ ఉండదు, రావాల్సింది వదులుకుంటే సరిపోతుంది.

జిరాక్స్ కాపీలో ఆ మాట మీదుగా నల్లగీత ఉంది. కాగితం పదేళ్లుగా నాలుగు మడతల్లో ఉండటంతో మడత సరిగ్గా అక్కడే పడింది. మిషన్ వెలుగు ఆ మడతని గీతగా చదివింది. ఫర్హాదీ టైటిల్స్‌లో కాగితాలన్నీ చదునుగా ఉంటాయని గుర్తొచ్చింది.

అసలు కాగితం పట్టుకుని రిటైరైన ఒక ఉర్దూ మాస్టారి దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లజోడు తీసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఐన్ అయితే పక్క అక్షరంతో కలిసిపోతుందట, కలం ఎత్తక్కర్లేదు. వావ్ తన తర్వాతి అక్షరంతో కలవదు, కలం లేవాల్సిందే. మడత మీద ఇంకు పొడిగా రాలిపోయింది. ఆయన కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు.

"ఇక్కడ కలం లేచింది బేటీ. వావ్."

ఆపా వెంటనే అడిగింది. "రాసిస్తారా సాబ్?"

ఆయన తెల్లకాగితం మీద ఉర్దూలో నాలుగు లైన్లు రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చారు. వకీలు మేడమ్‌కి ఫోటో పంపితే, ఇది పనికొస్తుంది గానీ చాలదు, ఖాజీ రిజిస్టర్ నుంచి సర్టిఫైడ్ కాపీ తీయించాలి, దానికి ఇంగ్లీషు తర్జుమా, నోటరీ అన్నారు. ఖాజీ ఆఫీసు శుక్రవారం మూసి ఉంటుంది, శనివారం రమ్మన్నారు. మాస్టారి కాగితం తీసుకుని ఆపా మళ్లీ జిరాక్స్ షాపుకే నడిచింది. మూడు సెట్లు చాలా అని నేనంటే, నాలుగు తీయించమంది.